ఫోను అప్పగించి చీటీ తీసుకోండి: సెల్‌ఫోనుకు, సోషల్ మీడియాకు విరామం ఇవ్వడం ఎలా?

తిరుమలలో శ్రీవారి దర్శనానికి వెళ్లేవారు ఎవరైనా సరే, సెల్‌ఫోనును డిపాజిట్ కౌంటర్లో అప్పగించి, చీటీ తీసుకున్న తరువాతే లోపలికి వెళ్లాలి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు నిండిన మొదటి అరగంటలో జనాన్ని గమనించండి. చాలామంది చేయి అలవాటుగా జేబు మీదికి వెళ్లి, జేబు ఖాళీగా ఉందని గుర్తుకువచ్చి, వెనక్కి వస్తుంది. గంట గడిచేసరికి పక్కవారిని "ఏ ఊరు నాయనా మీది?" అని అడగడం మొదలవుతుంది. రెండో గంటకు పసిపిల్లలు తల్లుల ఒడిలో నిద్రపోతారు, ఎవరో గోవిందనామాలు అందుకుంటారు, మరెవరో వేరుశనగ ఉండల పొట్లం విప్పి చుట్టూ ఉన్నవారికి పంచుతారు. ఆ నాలుగైదు గంటల్లో ఎవరి కొంపా మునగదు.

తిరుపతిలోనే పుట్టి పెరిగిన నేను ఈ దృశ్యాన్ని ఎన్నోసార్లు చూశాను గానీ, అందులో నాకు పనికివచ్చే పద్ధతి ఒకటి ఉందని గ్రహించడానికి చాలా కాలం పట్టింది. క్యూలో నిలబడినవారిలో ఎవరూ పళ్ల బిగువున ఫోనుకు దూరంగా ఉండరు. ఫోనును ఒకరి చేతికి అప్పగించారు, దాన్ని తిరిగి తీసుకునే వేళ ఒకటి ఉంది, ఈలోపు చేయవలసిన పని ఒకటి కళ్లముందు ఉంది. ఈ మూడూ కుదిరితే విరామం దానంతట అదే సాగుతుంది, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా రెండో రోజుకే సడలిపోతుంది. ఈ మూడు ఏర్పాట్లను ఇంట్లో, దుకాణంలో, ఆఫీసులో ఎలా చేసుకోవాలో నా అనుభవంలోంచి వివరంగా చెబుతాను.

నేను అచ్చుపని చేసేవాడిని. రెండేళ్ల కిందట ఒక పెండ్లిపత్రిక ప్రూఫు దిద్దుతూ ఉండగా ఫోను నాలుగైదుసార్లు మోగింది, నేను ప్రతిసారీ చూశాను. వాటిలో ఒక్కటి కూడా పనికి సంబంధించినది కాదు. ముహూర్తం "శుక్రవారం తెల్లవారితే శనివారం, ఉదయం గం. 4.18 ని.లకు" అని ఉండాలి. ఫోనులోంచి తల ఎత్తి మళ్లీ ప్రూఫు అందుకునేటప్పుడు నా కన్ను ఒక మాట దాటిపోయింది, "తెల్లవారితే శనివారం" అన్న ముక్క అచ్చులో పడలేదు. నాలుగు వందల పత్రికల్లో పెండ్లి ఒక రోజు ముందుకు జరిగింది. పెండ్లికూతురి తండ్రి పత్రిక పట్టుకుని వచ్చి, కోపం కూడా లేకుండా, "ఎట్ల నాయనా ఇప్పుడు, ముప్పై ఇండ్లకు ఇచ్చేసినామే" అన్నారు. ఆ రాత్రి కూర్చుని నా ఖర్చుతో మళ్లీ అచ్చు వేసి ఇచ్చాను. కానీ ఆ ముప్పై ఇండ్లకూ ఆయన మళ్లీ తిరగవలసి వచ్చింది, ఆ తిరుగుడుకు నేను కట్టగలిగిన వెల లేదు. ఇక నా అలవాటును సీరియస్‌గా తీసుకోవాలని నిర్ణయించుకున్నది ఆ వారంలోనే.

చేయి ఎందుకు ఆగదు

పనిలోకి దిగే ముందు ఈ పట్టు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోండి. తెలియకపోతే తప్పంతా మన బలహీనతదేనని నిందించుకుంటూ కూర్చుంటాము. పెండ్లి భోజనాల్లో ఒక బంతి లేస్తే గానీ ఇంకొక బంతి కూర్చోదు, అందరూ లేస్తున్నారు కాబట్టి మనమూ చేయి కడుగుతాము. ఒకప్పుడు ఇంటర్నెట్ పేజీకి కూడా అలాంటి ఒక అడుగు ఉండేది, తరువాతి పేజీ కావాలంటే నొక్కవలసి వచ్చేది, నొక్కాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించే వీలుండేది. కిందికి జరిపేకొద్దీ అంతులేకుండా కొత్తది వచ్చి చేరే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనరు రూపొందించారు, దాని పర్యవసానాలు చూసి తరువాత ఆయనే బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. బంతి లేవని విందులో వడ్డించేవారు ఆగరు, తినేవారు ఎప్పుడు లేవాలో తెలియక కూర్చునే ఉంటారు.

రెండో కారణం, ఏమి వస్తుందో ముందుగా తెలియకపోవడం. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో, నొక్కిన ప్రతిసారీ గింజ దొరికే మీట కంటే ఎప్పుడు దొరుకుతుందో తెలియని మీటనే అవి విడవకుండా నొక్కుతూ ఉండేవి. ఫోను తెరిచిన పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ ఉండదు, పదోసారి ఒక మంచి ఫోటోనో మెచ్చుకోలో ఉంటుంది, ఆ పదోసారి కోసమే మిగిలిన తొమ్మిదిసార్లూ తెరుస్తాము.

మూడోది మన దేశపు కారణం. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత డేటా ధరలు పడిపోయాయి, నెలకు ఒక జీబీని పొదుపుగా వాడుకున్నవారికి రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీల ప్యాకులు అలవాటయ్యాయి. ఆ రోజు కోటా ఆ అర్ధరాత్రితోనే పోతుంది. డబ్బు కట్టిన వస్తువును పారేయడం మన ఇండ్లలో తప్పు కాబట్టి, "ఇంకా డేటా మిగిలే ఉంది కదా" అని పదకొండు గంటలకు రీల్సు మొదలుపెట్టేవారిని నేను చాలామందిని చూశాను. మిగిలిన డేటా మిగిలిన అన్నం వంటిది కాదు, దాన్ని వదిలేస్తే ఎవరి నోటి దగ్గరిదీ పోదు.

విరామం వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని అడిగేవారికి రెండు అధ్యయనాలు చెబుతాను. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులపై జరిగి, 2018లో వెలువడిన పరిశోధనలో, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కొక్కటి రోజుకు పది నిమిషాలకే పరిమితం చేసుకున్నవారిలో మూడు వారాల తరువాత ఒంటరితనం, దిగులు తగ్గాయి. అదే సంవత్సరం అమెరికా ఎన్నికలకు ముందు నాలుగు వారాలపాటు ఫేస్‌బుక్ మూసివేసినవారిపై జరిగి, 2020లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, వారికి రోజుకు సుమారు గంట సమయం మిగిలింది, మనసు కొద్దిగా తేలికపడింది, అయితే వార్తలపై వారి అవగాహన కూడా కొంత తగ్గింది. నన్ను ఆకట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది: గడువు ముగిసి మళ్లీ తెరిచిన తరువాత కూడా వారు మునుపటికంటే తక్కువగానే వాడారు. లాభం మరీ గొప్పది కాదు, నిజమైనది. అద్భుతాలు ఆశించకుండా మొదలుపెట్టేవారే ఇందులో నిలబడతారు.

మొదటి పని: మూడు రోజుల లెక్క

ఏమీ మార్చకుండా ముందు మూడు రోజులు లెక్క రాయండి. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోనులో స్క్రీన్ టైమ్ మీరు ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నారో, ఫోనును ఎన్నిసార్లు తీశారో చూపుతాయి. ఈ రెండూ 2018లో వచ్చాయి, చాలామంది ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. అయితే ఈ అంకెలు సగం సంగతే చెబుతాయి. మిగతా సగం కోసం జేబులో ఒక చిన్న కాగితం పెట్టుకుని, ఫోను తీసిన ప్రతిసారీ ఎక్కడ ఉన్నారో, అప్పుడు ఏమి జరుగుతోందో రెండు మాటల్లో రాయండి. నా కాగితంలో "మిషను ఆగింది", "టీ అంగడి", "లీలామహల్ సిగ్నల్", "అన్నం తిని కూర్చున్నా", "నిద్ర పట్టలేదు", "కస్టమరు గట్టిగా మాట్లాడి వెళ్లాడు" అని ఉంది. ఏదో చూడాలనే ఆసక్తితో తీసినవి నాలుగో ఐదో, మిగిలినవన్నీ పనికీ పనికీ మధ్య వచ్చే చిన్న సందులు, లేదా మనసు నొచ్చుకున్న క్షణాలు. మీ విరామాన్ని ఆ సందుల చుట్టూనే కట్టుకోవాలి, కాబట్టి ఈ కాగితాన్ని పారేయకండి.

రెండో పని: ఎంత విరామమో నిర్ణయించుకోవడం

చాలామంది చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. ఒక ఆదివారం విసుగు పుట్టి, ఉన్నవన్నీ తీసేసి, బుధవారానికి అన్నీ తిరిగి వేసుకుంటారు. మొదటి రెండు వారాలు రోజుకు రెండు గంటలు, అది కూడా ప్రతిరోజూ ఒకే వేళకు, ఫోనును అప్పగించండి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది అందరికీ కుదిరే వేళ అని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ రెండు గంటల్లోనే ఇంట్లో అందరూ ఒకచోట ఉంటారు. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరిలో 2022 నుంచి సాయంత్రం ఏడు గంటలకు గుడి నుంచి సైరన్ మోగించి, గంటన్నరపాటు ఇంటింటా టీవీలు, ఫోన్లు పక్కన పెట్టే పద్ధతి పెట్టుకున్నారు. ఊరంతా ఒక్కసారిగా ఆపితే ఎవరికీ ఏదో పోగొట్టుకుంటున్నామన్న బాధ ఉండదు. మన ఊళ్లో సైరన్ లేకపోయినా ఇంటివరకు ఆ పద్ధతి పెట్టుకోవచ్చు.

ఇది నిలబడిన తరువాత వారానికి ఒక పూట, ఆ తరువాత మూడు వారాలు సోషల్ మీడియా ఒక్కదానికి పూర్తి విరామం. మూడు వారాల గడువులో ఫోను మాట్లాడడం, యూపీఐ, బ్యాంకు, మ్యాపు మామూలుగానే వాడుకోండి. నెలల తరబడి ఫోనే లేకుండా ఉండడం నేను ఎవరికీ సిఫారసు చేయను, ఓటీపీ లేనిదే గ్యాసు కూడా రాని రోజుల్లో అది ఇంట్లో మిగిలినవారి నెత్తిన భారం వేయడమే అవుతుంది.

తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే రోజు, పిల్లల పరీక్షా ఫలితాలు వచ్చే రోజు, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్న రోజులు మీ గడువులో పడకుండా చూసుకోండి. అటువంటి రోజున మొదలుపెడితే విరామం కాస్తా ఆందోళన అవుతుంది.

మూడో పని: చెప్పవలసినవారికి చెప్పడం

"ఎన్నిసార్లు చేసినా ఎత్తవేమి?" అన్న మాట ఒక్కసారి పడితే విరామం అక్కడితో ముగుస్తుంది. అందువల్ల ముందురోజే నలుగురైదుగురికి చెప్పండి. వాట్సాప్ స్టేటస్‌లో ప్రకటన పెట్టవద్దు. ప్రకటన పెట్టినవారు దానికి ఎవరు ఏమన్నారో చూడడానికే మళ్లీ ఫోను తెరుస్తారు, ఇది నా సొంత అనుభవం. విడివిడిగా చెప్పండి. నేను పంపిన మాట ఇది: "రేపటినుంచి రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా నా ఫోను నా దగ్గర ఉండదు. అర్జంటు అయితే వెంటవెంటనే రెండుసార్లు కాల్ చేయండి, మోగుతుంది. మిగిలినది తొమ్మిది తరువాత చూస్తాను."

ఆ రెండుసార్ల సంగతి ఫోనులోనే ఉంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టినప్పుడు, అదే నంబరు నుంచి వెంటనే రెండో కాల్ వస్తే మోగనిచ్చే వీలు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోనులోనూ ఉంటుంది. తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లల బడి వంటి కొన్ని నంబర్లను ఎప్పుడైనా మోగేలా కూడా పెట్టుకోవచ్చు. మా అమ్మకు ఈ ఏర్పాటు చేసి చూపించిన తరువాతనే ఆవిడ మనసు కుదుటపడింది, నా మనసు కూడా.

వ్యాపారం వాట్సాప్ మీదే నడిచేవారికి ఇది ఇంకొంచెం కష్టం. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో మీరు లేని వేళల్లో తనంతట తానే జవాబు పంపే సదుపాయం ఉచితంగా ఉంది. "దుకాణం వేళలు ఉదయం పది నుంచి రాత్రి ఏడు వరకు, మీ మ్యాటరు అందింది, రేపు ఉదయం చూస్తాము" అని రాసి పెట్టాను. ఈ జవాబు చూసి ఒక్క కస్టమరు కూడా వేరే దుకాణానికి వెళ్లలేదు, ఇన్నేళ్లు నేనే అనవసరంగా భయపడ్డాను. పగటిపూట కూడా వాట్సాప్‌ను దుకాణంలోని కంప్యూటరుకు జత చేసి అక్కడే చూస్తాను, ఫోను బల్ల సొరుగులో ఉంటుంది. ఫోనును రెండు వారాలపాటు అసలు తెరవకపోతే ఈ జత తెగిపోతుంది, అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

నాలుగో పని: ఫోను చేసే మంచి పనులకు బదులు చూడడం

పొద్దున లేపడానికి ఫోను కావాలి కాబట్టి అది తలగడ పక్కన ఉంటుంది, తలగడ పక్కన ఉంది కాబట్టి నిద్రకు ముందు అరగంట, లేచిన తరువాత అరగంట దానికే పోతాయి. ఒక అలారం గడియారం కొనండి. నా మాటల్లో మీరు ఒక్కటే పాటించేటట్టయితే ఇదే పాటించండి. చేతికి వాచీ పెట్టుకోండి, టైము చూడడానికని ఫోను తీసి ఇరవై నిమిషాల తరువాత పెట్టి, టైము ఎంతయిందో మాత్రం చూడని అనుభవం మీకు కూడా ఉండే ఉంటుంది. గోడ మీద తెలుగు క్యాలెండరు ఎలాగూ ఉంటుంది, తిథులకు, సెలవులకు అది చాలు. ముఖ్యమైన పది నంబర్లు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. పర్సులో పది, ఇరవై నోట్లుగా కొంత నగదు పెట్టుకోండి, ఎందుకంటే టీ డబ్బు కోసం ఫోను తీసిన చేయి స్కానరు దగ్గర ఆగదు. దర్శనం టికెట్టు, రైలు టికెట్టు వంటివి ముందే ప్రింటు తీసుకోండి.

ఐదో పని: ఫోనులో చేయవలసిన మార్పులు

కాల్స్, ఎస్ఎంఎస్, బ్యాంకు తప్ప అన్ని యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి. వాట్సాప్ గ్రూపుల్లో ఇంటివాళ్లది, పనిది ఉంచుకుని, మిగిలినవాటిని ఎల్లప్పటికీ మ్యూట్ చేసి ఆర్కైవ్‌లోకి పంపండి. గ్రూపు నుంచి బయటకు వస్తే అపార్థాలు వస్తాయి, మ్యూట్ చేసిన సంగతి ఎవరికీ తెలియదు. ఫోటోలు, వీడియోలు తమంతట తామే డౌన్‌లోడ్ కాకుండా చేయండి. తెరను నలుపు తెలుపులోకి మార్చే సదుపాయం రెండు రకాల ఫోన్లలోనూ ఉంది, రంగులు పోయిన రీల్సు చూడబుద్ధి కాదు.

సోషల్ మీడియా యాప్‌ను ఫోనులోంచి తీసివేయడం వేరు, ఖాతాను మూసివేయడం వేరు. చాలామంది ఈ రెండింటికీ తేడా తెలియక భయపడతారు. యాప్ తీసేసినా మీ ఫోటోలు, స్నేహితులు ఎక్కడికీ పోరు. తాత్కాలికంగా డీయాక్టివేట్ చేస్తే మీ ఖాతా ఇతరులకు కనిపించదు, మీరు మళ్లీ లాగిన్ అయితే యథాతథంగా వస్తుంది. పూర్తిగా డిలీట్ చేస్తే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో మనసు మార్చుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది, అది దాటితే తిరిగిరాదు. కాబట్టి మూడు వారాల విరామానికి లాగవుట్ చేసి యాప్ తీసివేయడం సరిపోతుంది, పాస్‌వర్డ్ మాత్రం ఒక కాగితం మీద రాసి భద్రపరచండి.

ఆరో పని: ఫోనుకు ఒక చోటు, ఒక కాపలా

నాకు అన్నింటికంటే పనికివచ్చినది ఇదే. 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఫోను బల్ల మీద ఉన్నవారికంటే వేరే గదిలో ఉన్నవారు ఏకాగ్రత పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు, అప్పుడు ఫోనులన్నీ మోగకుండానే ఉన్నాయి. తరువాత ఇతరులు చేసిన పరీక్షలన్నింటిలోనూ ఇదే ఫలితం రాలేదని కూడా చెప్పాలి. అయినా చేతికి అందని ఫోనును చూడడం కుదరదన్నది పరిశోధన అక్కరలేని సంగతి.

మా ఇంట్లో వీధి తలుపు పక్కన ఉన్న గూట్లో ఒక పాత స్వీటు డబ్బా పెట్టాము. నా తొమ్మిదేళ్ల కూతురు, దుకాణంలో పత్రికలు కత్తిరించగా మిగిలిన అట్టముక్కలు తెచ్చుకుని, వాటి మీద చీటీలు తయారుచేసింది. ప్రతి చీటీ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక నంబరు, కింద "ఇచ్చిన టైము", "తీసుకునే టైము" అని రెండు గీతలు, ఒక మూల చిన్న శంఖం, ఇంకో మూల చక్రం ఉంటాయి. ఏడు గంటలకు ఫోను డబ్బాలో వేసి చీటీ తీసుకోవాలి, తొమ్మిదికి చీటీ ఇస్తేనే ఫోను. ఎనిమిదీ యాభైకి నేను చీటీ చాపితే, గడియారం చూసి, "ఇంకా పది నిమిషాలుండాది నాయనా" అని వెనక్కి ఇచ్చేసింది. నా మాట నేనే సడలించుకోగలను గానీ, ఆ పిల్ల చేతిలోని గడువును సడలించలేకపోయాను. మీ ఇంట్లో కాపలాదారు ఎవరైనా కావచ్చు, మీ మొహమాటానికి లొంగనివారై ఉండాలి. ఒంటరిగా గదిలో ఉండే విద్యార్థులు పక్కగదివారితో ఫోన్లు మార్చుకోవచ్చు, లేదా కింది అంతస్తులో ఇంటి యజమానురాలి దగ్గర ఉంచమని అడగవచ్చు.

ఛార్జరును పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి. ఇది రెండు నిమిషాల పని.

ఏడో పని: మిగిలిన వేళను ముందే నింపుకోవడం

క్యూలో నిలబడినవారికి దర్శనం ఉంది, మీ ఏడు నుంచి తొమ్మిది గంటల మధ్య ఏముంది? దీనికి జవాబు లేకుండా ఫోను పక్కన పెడితే, టీవీ రిమోటు చేతికి వస్తుంది. మొదటి రోజుల్లో చేతులకు పని ఉన్నవి ఎంచుకోండి. కూర్చుని చదువుదామంటే మొదట్లో కుదరదు, ఎందుకంటే రెండు పేజీలకే మనసు చెదిరిపోయే అలవాటు పడి ఉంటుంది. శనక్కాయలు ఒలవడం, మల్లెలు కట్టడం, సైకిలు తుడవడం, దోసెపిండి రుబ్బడం, పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడం, ఇవన్నీ నోటికి, చెవులకు ఖాళీ ఇస్తాయి, కాబట్టి మాటలు కూడా సాగుతాయి. మా అవ్వ తాను చిన్నప్పుడు చంద్రగిరి నుంచి కొండకు నడిచి వెళ్లిన ముచ్చట నాకు మొదటిసారి పూర్తిగా వినపడినది శనక్కాయల చేట ముందే. అంతకుముందు ఆవిడ అదే ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా నేను తెర మీద చూపు ఉంచి "ఊఁ" కొట్టాను.

రెండో వారం నుంచి బయటికి నడవండి. తిరుపతిలో ఉన్నవారికి ఈ విషయంలో ఏ లోటూ లేదు. సాయంత్రం కపిలతీర్థం దాకా వెళ్లి రావచ్చు, గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధుల్లో తిరగవచ్చు, అన్నమాచార్య కళామందిరంలోనో మహతి ఆడిటోరియంలోనో కార్యక్రమం ఉన్న రోజున వెళ్లి కూర్చోవచ్చు. ఎస్వీ విశ్వవిద్యాలయం ఆవరణలోని చెట్ల కింద ఉదయపు నడకకు వెళ్లేవారు, నడక పూర్తయ్యేదాకా ఫోనును బండి డిక్కీలోనే ఉంచండి.

వారానికి ఒక పూట విరామం పెట్టుకున్నవారు నెలకొకసారి కొండకు నడిచి వెళ్లండి. శ్రీనివాసమంగాపురం వైపునుంచి వెళ్లే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవారికి శ్రీవారి మెట్టే మేలు. అలిపిరిలో గాలిగోపురం దాకా ఎక్కేటప్పుడు వచ్చే ఆయాసంలో ఎవరికీ ఫోను గుర్తుకురాదు, గోపురం దగ్గర కూర్చోగానే గుర్తుకువస్తుంది, కాబట్టి ఆ చోటికి ఒక నీళ్ల సీసా, నాలుగు జామకాయ ముక్కలు సిద్ధంగా పెట్టుకోండి. నడకదారిలో చిరుతల సంచారం కారణంగా పిల్లలకు సంబంధించి వేళల నిబంధనలు పెడుతుంటారు, వెళ్లేముందు తెలుసుకుని, గుంపుగానే నడవండి. గుంపులో ఒక్కరి దగ్గర ఫోను ఉంటే చాలు.

మొదటి నాలుగు రోజులు

ఫోను జేబులో లేకపోయినా తొడ మీద వైబ్రేషన్ వచ్చినట్టు అనిపిస్తుంది. చికాకు పుడుతుంది, ఇంట్లోవారి మీద మాట తూలుతుంది, సాయంత్రం చాలా పొడవుగా తోస్తుంది. ఇవి మీకొక్కరికే వచ్చిన జబ్బులు కావు. చేయి ఫోను కోసం వెళ్లినప్పుడు, మొదట రాసిన కాగితం గుర్తుచేసుకుని, ఇప్పుడు నాకు నిజంగా ఏమి కావాలని అడగండి. నా విషయంలో చాలాసార్లు ఆ జవాబు మంచినీళ్లు, కాసేపు నడుం వాల్చడం, లేదా పగలు నొచ్చుకున్న మాటను ఎవరితోనైనా చెప్పుకోవడం. నాలుగో రోజో ఐదో రోజో సాయంత్రం దానంతట అదే కుదురుకుంటుంది.

మధ్యలో ఒకరోజు తప్పితే, తప్పిన రోజును క్యాలెండరులో సున్నా చుట్టి, మరునాడు ఏడు గంటలకు మామూలుగా అప్పగించండి. "ఎలాగూ తప్పింది కదా" అని ఆ వారమంతా వదిలేయడమే అసలు నష్టం.

పిల్లల ఫోను గురించి

పిల్లల చేతిలోంచి లాక్కోవడం నేను రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఫలితం లేదు. పెద్దవారి ఫోను డబ్బాలో పడిన ఇంట్లోనే పిల్లల ఫోను కూడా పడుతుంది. బడి నుంచి హోంవర్కు వాట్సాప్‌లో వస్తుంటే, ఏడు గంటలలోపు దాన్ని కాగితం మీదికి ఎక్కించుకునే అలవాటు చేయండి. ఆన్‌లైన్ క్లాసులున్న పెద్ద పిల్లలకు వేళ వారినే ఎంచుకోనివ్వండి, తామే ఎంచుకున్న వేళను వారు గౌరవిస్తారు.

అయితే ఫోను తీసేస్తే అన్నం మానేయడం, బడికి వెళ్లనని మొండికేయడం, రాత్రంతా నిద్ర లేకపోవడం, తనకు హాని చేసుకుంటాననడం వంటివి పిల్లల్లోగానీ పెద్దల్లోగానీ కనిపిస్తే, స్వీటు డబ్బాతో సరిపోదు, వైద్య సహాయం తీసుకోవాలి. మానసిక సమస్యలకు సలహా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో టెక్నాలజీ వ్యసనాల కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది, తిరుపతి, చిత్తూరు జిల్లాలవారికి అది ఒక్కరోజు ప్రయాణమే. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు, జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లమా?

తిరిగి తెరిచే రోజు

మూడు వారాలు పూర్తయిన రోజున సోషల్ మీడియాను, రాత్రి కాకుండా ఉదయం, కూర్చుని కాకుండా నిలబడి తెరవండి. ముందు మీ పేరు మీద విడిగా వచ్చిన సందేశాలు చూడండి. గ్రూపుల్లో పేరుకున్న వందల సందేశాలను పైకి జరుపుతూ చదవవద్దు, పెండ్లి, చావు, అనారోగ్యం వంటివి ఉంటే ఎవరో ఒకరు మీకు ఈసరికే చెప్పి ఉంటారు. వాటన్నింటినీ ఒక్కసారిగా చదివినట్టు గుర్తు పెట్టేయండి. తీసేసిన యాప్‌లన్నింటినీ ఆ రోజే వేసుకోకుండా, ఈ మూడు వారాల్లో ఏవి లేక మీకు నిజంగా ఇబ్బంది కలిగిందో ఆలోచించి, వాటిని మాత్రమే వేసుకోండి. నాకు అలా తిరిగి వచ్చినవి వాట్సాప్, యూట్యూబ్. రెండింటి నోటిఫికేషన్లూ ఆపే ఉన్నాయి. ప్రూఫు దిద్దే వేళల్లో ఫోను ఇప్పటికీ బల్ల సొరుగులోనే ఉంటుంది, సొరుగు తాళంచెవి బైండింగు చేసే అబ్బాయి దగ్గర ఉంటుంది, ప్రూఫు మీద నా సంతకం పడిన తరువాతే అతను దాన్ని నాకు ఇస్తాడు.